తైలవర్ణంలో పక్షి: రాజోద్యానం నుంచి చిత్తడి నేలకు

తైలవర్ణ చిత్రాల్లోని ప్రకృతి దృశ్యంలోకి పక్షి తనంతట తాను ఎగిరి రాలేదు. రాజుల జంతుశాలల నుంచి తెచ్చి నిలబెట్టారు. ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో పనిచేసిన రోలాండ్ సేవరీ 1620లలో వేసిన డోడో చిత్రం లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అందులో డోడో పొట్ట కుండలా ఉంటుంది. అసలు పక్షి అంత లావు కాదని నేటి శాస్త్రజ్ఞులు అంటారు. చిత్రకారుడు చూసింది బోనులో మేపిన పక్షినో, గడ్డి కూరిన తోలునో అయి ఉండాలి.

పక్షికి తైలవర్ణం ఎంత అనువైనదో నిరూపించినవారు 17వ శతాబ్దపు డచ్చివారు. అవిసె నూనెలో కలిపిన రంగు త్వరగా ఆరదు. కనుక నూగు అంచును పక్క రంగులోకి మెత్తగా లాగవచ్చు. ఆరిన పొర మీద పలుచని పారదర్శక పొర పూస్తే బాతు మెడలోని పచ్చని మెరుపు పలుకుతుంది. ఈ పనిలో మెల్కియోర్ డోండకూటర్‌ది అందెవేసిన చెయ్యి. 1680 ప్రాంతంలో ఆయన వేసిన ‘తేలే ఈక’ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. కొలనులో తేలుతున్న ఆ ఒక్క ఈకను ఊదితే కదులుతుందేమో అనిపిస్తుంది. కానీ అదే చిత్రంలో గూడబాతు, కాసోవరీ ఒకే నీటి ఒడ్డున చేరాయి. ఒక్కో పక్షీ నిజమే, వాటి కలయికే కల్పన. వెనకున్న తోట వాటి ఇల్లు కాదు, యజమాని వైభవం.

ఆ తర్వాత సుమారు రెండు శతాబ్దాలు శాస్త్రీయ పక్షి చిత్రణ ప్రధానంగా నీటిరంగులు, అచ్చు పలకల దారిలో నడిచింది. అమెరికా పక్షి చిత్రకారుడు ఆడుబాన్ 1827–38 మధ్య వెలువరించిన 435 పలకలకు మూలాలు కూడా ఎక్కువగా నీటిరంగులే.

ఇంతలో 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు రంగు గొట్టానికి పేటెంట్ పొందాడు. దాంతో తైలవర్ణాలను ఆరుబయటికి మోసుకెళ్లడం సులువైంది. 1882లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే తయారుచేసిన తుపాకీ ఆకారపు కెమెరా ఎగిరే రెక్క భంగిమలను విడివిడిగా పట్టింది. అసలు మలుపు స్వీడన్‌కు చెందిన బ్రూనో లిల్యెఫోర్స్ (1860–1939)తో వచ్చింది. స్వయంగా వేటగాడైన ఈయన చిత్రాల్లో పక్షిని వెతుక్కోవాలి: సాయంకాలపు నీటి మీద బాతు ఒక నల్లని మచ్చ, గద్ద రెక్క మీద పడేది సముద్రపు వెలుగే. ఈకలు లెక్కపెట్టలేదు, పక్షికీ చోటుకూ ఒకే కాంతి ఇచ్చాడు. అందుకే వివరం తగ్గినా డోండకూటర్ పక్షుల కంటే ఇవే నిజమనిపిస్తాయి. 1893లో స్టాక్‌హోమ్‌లో తెరిచిన జీవశాస్త్ర మ్యూజియం నేపథ్య చిత్రాల్లోనూ ఆయన చెయ్యి ఉంది.

పక్షి తన చోటులో కలిసిపోతుందన్న ఈ ఆలోచనను అమెరికాలో చిత్రకారుడు అబట్ థాయర్ సిద్ధాంతంగా మార్చాడు. 1907 నాటి ఆయన చిత్రంలో నెమలి మెడ నీలం ఆకుల సందుల్లోని ఆకాశంలో కలిసిపోతుంది. ఫ్లెమింగో గులాబీ రంగు కూడా సూర్యాస్తమయంలో దాక్కోవడానికేనన్న వాదన మాత్రం మరీ సాగదీత.

ఇంగ్లండులో పీటర్ స్కాట్ వేకువ ఆకాశంలో బారులు తీరిన బాతులను తైలవర్ణంలో వేసి పేరు తెచ్చుకున్నాడు. తొలుత వాటిని వేటాడినవాడే 1946లో స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల సంరక్షణ ట్రస్టు స్థాపించాడు. 1964 నుంచి అక్కడ శీతాకాలానికి వచ్చే బ్యూయిక్ హంసలను, ముక్కు మీది పసుపు, నలుపు మచ్చల తేడాలు గీసి పెట్టుకుని, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపట్టేవారు.