మాట వెంట మోత: సూరత్ ప్రాంతంలో హమ్ జాడ తీసే విద్య

భారతదేశంలో లౌడ్‌స్పీకర్ చరిత్ర ఇప్పటిదాకా ప్రధానంగా ఉపన్యాసాల చరిత్రగానే సాగింది; ఎవరు ఏ వేదిక మీద మాట్లాడారు, ఎంతమంది విన్నారు అన్నదే అందులో ముఖ్య విషయం. ఆ గొంతుతోపాటు పెట్టెలోంచి వెలువడిన అనవసరపు మోతకూ, దాని మూలం వెతికి అణచిన మెకానిక్కుల విద్యకూ అందులో దక్కిన చోటు చాలా తక్కువ. ఈ లోటు చిన్నది కాదు, ఎందుకంటే మోత అణగకపోతే మాట వినపడదు. సూరత్ నగరం, దాని చుట్టుపక్కల పల్లెలు ఈ విద్యను పరిశీలించడానికి అనువైన ప్రాంతం.

1938 ఫిబ్రవరిలో సూరత్ జిల్లా హరిపురా గ్రామం దగ్గర, తాపీ నది ఒడ్డున విఠల్‌నగర్ అనే తాత్కాలిక పట్టణం నిర్మించి, సుభాస్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ 51వ మహాసభ జరిపారు. అంతటి జనసమూహానికి గొంతెత్తి వినిపించడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. 1930ల నాటికి కాంగ్రెస్ సభలకు మైకులు, లౌడ్‌స్పీకర్లు సమకూర్చే బాధ్యతను మోత్వానే కుటుంబం నడిపిన షికాగో రేడియో సంస్థ తలకెత్తుకుంది. ఆ కాలపు సభల ఛాయాచిత్రాలు చాలావాటిలో నాయకుల ముందున్న మైకు మీద ఆ సంస్థ పేరు నేటికీ కనిపిస్తుంది. మైకు పుట్టించే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతు స్థాయిది కాగా, ఆంప్లిఫయర్ దాన్ని వేల రెట్లు పెంచుతుంది. వేదిక నుంచి ఆంప్లిఫయర్ దాకా పరిచిన పొడవాటి తీగ దారిలో ఏ చెత్త పట్టుకున్నా అది కూడా మాటతోపాటు అన్ని రెట్లూ పెరుగుతుంది.

ఆ చెత్తలో రకాలున్నాయి. వాల్వుల్లోనూ కార్బన్ మైకుల్లోనూ సహజంగా పుట్టే హోరు ఒకటి, వదులైన అతుకుల్లో పుట్టే చిటపట మరొకటి, స్పీకర్ ధ్వని తిరిగి మైకులో పడి తిరుగుతూ పెరిగే ఈల ఇంకొకటి. వీటన్నిటికంటే మొండిది, మెకానిక్కులు హమ్మింగ్ అని పిలిచే నిలకడైన గుయ్‌మనే మోత. ఇది సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేసే ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ కరెంటు గొంతు. సూరత్‌లో 1920లోనే విద్యుత్ సంస్థ ఏర్పడింది. ఈ బాధ ప్రపంచంలో మొదట అనుభవించినవి టెలిఫోన్ తీగలు. తొలినాళ్లలో ఒకే తీగ వేసి, తిరుగుదారిగా భూమినే వాడుకోవడం వల్ల, ఎలక్ట్రిక్ ట్రాములు వచ్చాక వాటి మోత ఫోన్లలోకి చొరబడింది; రెండు తీగలను పెనవేసి వాడితే మోత రెండింటిలోనూ సమానంగా పడి చివర కొట్టేసుకుపోతుందని చూపిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ దానికి అప్పటికే, 1881లో, పేటెంటు పొందాడు. మంచి మైకు తీగ నేటికీ ఆ సూత్రం మీదే నడుస్తుంది.

హమ్ జాడ తీసే పనికి ఒక క్రమం ఉంది. పరికరాలు ఎంత మారినా ఆ క్రమం మాత్రం చెక్కుచెదరలేదు. మెకానిక్ మొదట వాల్యూం పూర్తిగా తగ్గిస్తాడు. అప్పటికీ మోత నిలిచి ఉంటే తప్పు వాల్యూం తర్వాతి భాగంలో, చాలామటుకు పవర్ సప్లయిలో ఉన్నట్టు లెక్క. అక్కడ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ప్రతి అర ఆవృత్తికీ ఒక ఎగుడు పుట్టిస్తుంది కనుక సెకనుకు 100 ఎగుళ్లు వస్తాయి; వాటిని చదును చేయవలసిన కండెన్సర్ వేడికి ఎండిపోతే అవి స్పీకర్ దాకా ప్రయాణిస్తాయి. కనుక 50 మోతకూ 100 మోతకూ మధ్య తేడా సంగీత పరిభాషలో సరిగ్గా ఒక స్థాయి, మంద్ర షడ్జానికీ మధ్య షడ్జానికీ ఉన్నంత. శ్రుతి తెలిసిన చెవి మీటరు ముట్టకుండానే తప్పు తీగలో ఉందో కండెన్సర్‌లో ఉందో చాలావరకు చెప్పగలదు. వాల్యూంతోపాటు మోత కూడా తగ్గిపోతే తప్పు ముందు భాగంలో ఉంటుంది: మైకు ఊడదీసి చూస్తారు, తర్వాత మైకు వైపు నుంచి ఒక్కో వాల్వును తీస్తూ, ఏది తీసినప్పుడు మోత ఆగుతుందో ఆ దశను పట్టుకుంటారు. ఊహతో భాగాలు మార్చుకుంటూ పోయే మనిషికి ఒక పూట పట్టే పని ఈ క్రమం తెలిసినవారి చేతిలో నిమిషాల్లో తేలుతుంది.

మోతను కావాలని పుట్టించిన సందర్భం కూడా సూరత్‌తో ముడిపడినదే. ఆ జిల్లాలోని సరస్ గ్రామంలో 1920లో పుట్టిన ఉషా మెహతా, 1942 ఆగస్టులో బొంబాయిలో మిత్రులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపినప్పుడు, ప్రభుత్వం అదే తరంగం మీద మోత పంపి ఆ ప్రసారాలను కప్పివేయడానికి ప్రయత్నించింది. నవంబరులో పోలీసులు కేంద్రాన్ని పట్టుకున్నాక నడిచిన కేసులో షికాగో రేడియోకు చెందిన నానిక్ మోత్వానే కూడా ముద్దాయి అయ్యి, చివరకు నిర్దోషిగా విడుదలయ్యాడు.

స్వాతంత్ర్యానంతరం సూరత్ పవర్‌లూమ్‌ల నగరంగా పెరిగింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరలివెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. మగ్గాలు నడిచే వీధిలో వినాయకుడి పందిరి వేసి, కరెంటు అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకుంటే, మోటార్లు, ట్యూబులైట్ల చోకులు న్యూట్రల్ తీగలో పుట్టించే అలజడి సెకనుకు 150 ఆవృత్తుల గరుకు మోతగా మైకుసెట్టులోకి రాగలదు. మిక్సర్‌కు ఒక చోట, ఆంప్లిఫయర్‌కు మరొక చోట ఎర్త్ ఇస్తే ఆ రెండు చోట్ల మధ్య తేడా వల్ల షీల్డు తీగలో కరెంటు పారుతుంది. దీన్నే ఎర్త్ లూప్ అంటారు. షీల్డును ఒక కొసన మాత్రమే కలిపి రెండో కొస వదిలేయడం దీనికి సరైన విరుగుడు. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను పీకేసినా మోత ఆగుతుంది, కానీ అది క్షమించరాని పని: పెట్టెకు కరెంటు తగిలిన నాడు, వానలో తడిసిన పందిట్లో మైకు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. ఈ ఒక్క విషయాన్ని ప్రతి మైకుసెట్టు కుర్రాడికీ పనిలో చేరిన మొదటి రోజే నేర్పాలి.

సూరత్‌కు ఈ విద్యతో ఉన్న మరొక సంబంధం జరీలో దాగి ఉంది. గద్వాల, వెంకటగిరి నేతగాళ్లు అంచుల్లో వాడే సూరత్ జరీ తయారీలో, వెండి తీగను సన్నని రంధ్రాల గుండా లాగి, రేకులా చదును చేసి, పట్టుదారం చుట్టూ మెలికలుగా చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. లౌడ్‌స్పీకర్‌లో కదలని చట్రం నుంచి కదిలే కాయిల్‌కు కరెంటు అందించే మెత్తని అల్లిక తీగ నిర్మాణం కూడా ఇదే: నూలు పోగు చుట్టూ సన్నని రాగి రేకు. టెలిఫోన్ త్రాళ్లలో పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఇలాంటి తీగ వాడారు. రెండింటిలోనూ లాగుడు భరించేది దారం. రేకు పని ఒకచోట మెరవడం, మరొకచోట కరెంటు మోయడం. కోన్ లక్షల సార్లు ఊగాక, తీగ కోన్‌ను వదిలే మలుపు దగ్గర రేకు తెగుతుంది, దారం మాత్రం తెగకుండా నిలుస్తుంది కనుక కంటికి తీగ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫలితంగా ఆ స్పీకర్ ఒక స్వరం దగ్గర చిటపటలాడి, మరొక స్వరం దగ్గర మూగబోతుంది. ఆంప్లిఫయర్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ కోన్‌ను వేళ్లతో సమానంగా లోపలికి నొక్కి వదులుతూ, చిటపట ఏ స్థితిలో వస్తుందో విని, ఆ మలుపును పట్టుకుంటాడు. సూరత్‌లో తర్వాతి కాలంలో పాలియెస్టర్ పొర మీద అల్యూమినియం పూత పూసి చేసే చౌక జరీ బాగా పెరిగింది. చీర అంచుకు ఆ మెరుపు చాలు గాని, అంత పలచని పూత స్పీకర్ కరెంటును మోయలేదు, అందువల్ల కాయిల్‌కు కరెంటు అందించే తీగకు నేటికీ దారం మీద రాగి రేకు చుట్టవలసిందే.