స్టువర్టుపురము: ఒక నిర్బంధ గ్రామపు కథ

విజయవాడనుండి మద్రాసు దారిన రైలులో పోవువారికి బాపట్ల, చీరాలల నడుమ స్టువర్టుపురమను చిన్న స్టేషను కనిపించును. ఆ పేరు వినగానే దొంగల ఊరని నవ్వుకొనుట మనలో పెక్కుమందికి అలవాటు. ఆ ఊరు ఎట్లు పుట్టినదో తెలిసినవారు మాత్రము తక్కువ.

ఎరుకలవారు తరతరములుగా సంచారజీవులు. తీరమునుండి ఉప్పును పశువులపై మెట్టసీమలకు మోసి, మారుగా ధాన్యము తెచ్చెడివారు, బుట్టలు అల్లెడివారు, స్త్రీలు సోది చెప్పెడివారు. ప్రభుత్వపు ఉప్పు గుత్తాధిపత్యము, ఆపైన రైలుమార్గములు ఆ వర్తకమును దెబ్బతీసినవి. బతుకుతెరువు పోయిన సంచారి పాలకుల కంట అనుమానితుడయ్యెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వచ్చినది. ఇక పుట్టుకయే నేరమయ్యెను.

1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఈ సెటిల్‌మెంటు వెలసినది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దీనికి పెట్టిరి. విజయవాడకెదురుగా, కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరములోను అట్టిదే ఉండెను. వచ్చినవారి పేర్లు రిజిస్టరు కెక్కినవి, వేలిముద్రలు పడినవి. వేళకు హాజరు పలుకవలెను. అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేయుటకును చట్టము వీలిచ్చెను. కొందరు పొలము దున్నిరి. మరికొందరు చీరాల పొగాకు కర్మాగారమునకు కూలికి పోయిరి. కావలిలోనున్న కూలికి బేరమాడు శక్తి ఎక్కడిది? అయినను సంసారములు సాగినవి. ఎరుకల భాష నేటికిని నిలిచినది.

1940లో వార్సా నగరమున నాజీలు నాలుగు లక్షలకు పైగా యూదులను గోడ కట్టి మూసిరి. ఆకలికిని, వ్యాధికిని మిగిలినవారిలో అత్యధికులను 1942లో ట్రెబ్లింకా మరణశిబిరమునకు తరలించిరి. ఆ సంహారముతో స్టువర్టుపురమును సరితూచరాదు. ఇచట చెప్పుకొన్న ఉద్దేశము సంస్కరణము. కాని మనిషిని పనినిబట్టి గాక పుట్టుకనుబట్టి పుస్తకమున వ్రాయుట రెండుచోట్లను మొదటి మెట్టు.

మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను ఆ చట్టము రద్దయ్యెను. 1970ల దశకమున విజయవాడనుండి హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊరికి పోయి, అక్కడివారి పునరావాసమునకు పాటుపడిరి. అయినను 1991లో రెండు తెలుగు చలనచిత్రములు ఆ ఊరిపేరునే శీర్షికగా పెట్టుకొన్నవి. అందొకటి దొంగల పేరనే వెలువడినది. ప్రభుత్వము రిజిస్టరు మూసి దశాబ్దములు గడచినవి. ఆ పేరు విని నవ్వుట మానుకొనుట మన వంతు.