శంషాబాదు సీమ పండుగలు



మన పల్లెల పండుగలు మూడు లెక్కలను అనుసరించి వచ్చును. సంక్రాంతి సూర్యగమనమును బట్టి వచ్చును. బోనాలు, బతుకమ్మ చాంద్రమానపు పండుగలే యైనను, అధికమాసము కలుపుటచే తమ ఋతువును వీడవు. పీర్ల పండుగకు అధికమాసము లేదు. అది ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరిగి, 33 సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును.

బోనాలు ఆషాఢమాసపు వేడుక. క్రొత్తనీటితో రోగములు వ్యాపించు కాలమది. క్రొత్తకుండకు పసుపు పూసి, వేపమండలు కట్టి, అన్నముపై దీపముంచి గ్రామదేవతకు సమర్పింతురు.

పీర్ల పండుగ క్రీ.శ. 680లో కర్బలాయందు హుసేను ప్రాణములర్పించిన దానిని స్మరించునది. కుతుబ్‌షాహీల కాలమున రాజధానిలో ఆదరణ పొంది, పల్లెలకు ప్రాకినది. తెలంగాణపు పల్లెలలో హిందువులును పీర్లనెత్తి, గుండముచుట్టు ఆడుట మీరెరిగినదే.

ఇక బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై, తొమ్మిదవనాడు సద్దులతో ముగియును. తంగేడు, గునుగు ఎవరును నాటిన పూవులు కావు. తంగేడు బీళ్లలోను, గునుగు జొన్నచేలలోను, గట్లపైనను తమంతట తామే పూయును. వానలకు నిండిన చెరువులో పూలగోపురమును సాగనంపుదురు. కావున ఈ పండుగకు కావలసినది ధనము కాదు. బీడు, చేను, చెరువు.

2008వ సంవత్సరము మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది. అది సుమారు 5,500 ఎకరముల నేల. చుట్టును రహదారులు, ఇండ్లస్థలములు పెరిగినవి. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్రపు పండుగలుగా ప్రకటింపబడినవి. పండుగకు గౌరవము హెచ్చినది. పూవు పూయు నేల తగ్గినది. ఒకనాడు పిల్లలు కోసితెచ్చిన తంగేడును నేడు పలువురు అంగడిలో కొనుచున్నారు.

ఐర్లండు దేశమున ఫిబ్రవరి 1వ తేదీన బ్రిజిద్ అను పుణ్యవతి పేర తుంగతో శిలువలల్లి గుమ్మములపై కట్టుదురు. అట్టి ఆచారములు మరుగుపడునని తలంచి, అచటి ప్రభుత్వము 1937 నుండి 1939 వరకు ఒక పని చేయించినది. సుమారు 5,000 పాఠశాలలలోని 50,000 మంది పిల్లలు తమ పెద్దలనడిగి, వారు చెప్పినది వ్రాసిరి. ఆ వ్రాతలు నేటికిని భద్రముగా నున్నవి.

మనకును అది అసాధ్యము కాదు. ఏ చెరువున బతుకమ్మను విడిచిరి? బోనము ఏ దారిని సాగెను? పీరును ఏ యింటివారు ఎత్తిరి? గుండమునకు కట్టెలు ఎవరిచ్చిరి? ఇవి గ్రంథములలో లేవు. మీ జ్ఞాపకమున నున్నవి. రాబోవు సద్దులనాటికి మీ మనుమలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. చెరువు పూడినను దాని పేరైనను నిలుచును.