డబ్బా ఉర్లగడ్డలో ఏముంది?

1953లో ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో చేరి, మన బళ్లారి మైసూరులో కలిసినా, 'ఉర్లగడ్డ' అనే మాట మన ఇళ్లలోంచి పోలేదు. ఆ గడ్డే ఇప్పుడు అప్పుడప్పుడు విదేశాల నుంచి వచ్చే పిల్లల పెట్టెల్లో, ఉప్పునీళ్లు పోసిన డబ్బాల్లో కనిపిస్తోంది.

పొట్టుతో ఉడికించిన తాజా గడ్డ 100 గ్రాములకు సుమారు 87 కేలరీలు ఇస్తుంది. నీళ్లు వంచేసిన డబ్బా గడ్డ 60 దాకా. విటమిన్ సి 13 మిల్లీగ్రాముల నుంచి 5కు, పొటాషియం 380 నుంచి 230కి తగ్గుతాయి. కొంత వేడికి పోతే, కొంత డబ్బా నీళ్లలోకి దిగుతుంది. పీచు పెద్దగా తగ్గదు. షుగరు ఉన్నవారికి మాత్రం డబ్బాలోదైనా గడ్డ గడ్డే.

అసలు చూడాల్సింది సోడియం. తాజా గడ్డలో 5 మిల్లీగ్రాములుంటే, ఉప్పు వేసిన డబ్బాలో 220 దాకా ఉంటుంది. పావుకిలో తింటే 550. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజంతటికీ చెప్పిన హద్దు 2,000. జొన్నరొట్టెలోకి పల్య చేస్తూ మనం మళ్లీ ఉప్పు వేస్తాం, పక్కన ఊరగాయ ఉండనే ఉంటుంది. బీపీ ఉన్న ఇంట్లో డబ్బా నీళ్లు పారబోసి, గడ్డలను రెండుసార్లు కడిగి, ఉప్పు వేయకుండా వండండి. ఉబ్బిన డబ్బా అయితే రుచి కూడా చూడకుండా పారేయండి.