కడప సముద్రపు స్ట్రోమటోలైట్లు

వైఎస్సార్ కడప జిల్లాలో వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల దొరికే డోలమైటు అనే సున్నపు జాతి రాళ్లలో గుమ్మటాల్లా, పొట్టి స్తంభాల్లా కనిపించే పొరల నిర్మాణాలను స్ట్రోమటోలైట్లు అంటారు. ఇవి ఎముకలూ గవ్వలూ కావు. 190 కోట్ల ఏళ్లకు ముందే ఇక్కడున్న లోతులేని సముద్రంలో సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న గూళ్లు. కరువుసీమగా పేరుపడ్డ నేలకు సముద్రతీర చరిత్ర ఉందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

నేపథ్యం

ఈ రాళ్లున్న కడప హరివాణం (బేసిన్) నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఈ రాళ్ల వరుసను మొదట సమగ్రంగా వివరించినవాడు భారత భూవైజ్ఞానిక సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్. ఆయన గ్రంథం 1872లో వెలువడింది. పొరల పేర్లన్నీ మన ఊళ్లవే. అట్టడుగున ఉన్న గుల్చేరు క్వార్ట్జైటుకు పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు పేరు పెట్టారు. దాని మీద వేంపల్లె, ఆపైన పులివెందుల, తాడిపత్రి, గండికోట. చాలా తర్వాత ఏర్పడిన కర్నూలు సముదాయంలో బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల ఉన్నాయి. ఇళ్లలో పరుచుకునే నాపరాళ్లు, బెలుం గుహలు తొలిచిన సున్నపురాయి ఈ రెండో సముదాయానివే.

పుట్టుక

సయనోబాక్టీరియా వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటాయి. సముద్రపు అడుగున ఇవి జిగురు చాపలా అల్లుకుంటాయి. నీటిలో తేలివచ్చే సున్నపు నలుసులు ఆ జిగురుకు అంటుకుంటాయి. పైగా ఇవి నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో సున్నం అక్కడికక్కడే గడ్డకడుతుంది. మట్టి కప్పేస్తే జీవులు పైకి పాకి మళ్లీ చాప అల్లుకుంటాయి. ఇలా వెలుతురు కోసం పైకి పాకిన ప్రతిసారీ రాయిలో ఒక పలుచని గీత మిగిలింది.

వేంపల్లె రాతిని దగ్గరగా చూస్తే ఎండకూ వానకూ అరిగిన డోలమైటు పైభాగం ఏనుగు తోలులా ముడతలు పడి ఉంటుంది. మధ్యలో చెర్ట్ అనే చెకుముకి జాతి రాయి అరగకుండా గట్లుగా నిలుస్తుంది. పగిలిన అంచున విల్లులా వంగిన గీతలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. వంపు ఉబ్బు ఎటు ఉంటే అటే ఆనాటి పైభాగం. తలకిందులైన పొరలను గుర్తించడానికి భూశాస్త్రజ్ఞులకు ఇది బాగా పనికొస్తుంది.

ఆకారం చెప్పేది

ఆకారాన్ని తేల్చడంలో జీవి పాత్ర ఎంతో, నీటి పాత్రా అంతే. ఆటుపోట్లకు తేలి మునిగే చోట చాపలు చదునుగా ఉంటాయి. ఎప్పుడూ నీళ్లుండే చోట గుమ్మటాలు, స్తంభాలు లేస్తాయి. ఏరులు బురద తెచ్చిన కాలంలో వెలుతురు తగ్గి చాపలు కప్పబడిపోయాయి. అందుకే వేంపల్లె వరుసలో డోలమైటు మధ్య షేల్ అనే బురదరాతి పొరలు అడ్డం వస్తాయి. ఎండిన బురద బీటలు, ఉప్పు స్ఫటికాల అచ్చులు కూడా ఉన్నాయి. అంటే నీరు ఆవిరయ్యేంత ఎండ కాసిన తీరమన్నమాట.

ఇప్పుడు ఇలాంటివి బతికున్న చోట్లు తక్కువ. ఆస్ట్రేలియా పడమటి తీరంలోని షార్క్ బే అందులో ప్రసిద్ధం. అక్కడ నీరు మామూలు సముద్రానికి రెండింతల ఉప్పన కావడంతో చాపలను మేసే నత్తలు నిలవలేవు. కడప సముద్రానికి ఆ బాధ లేదు. మేసే జంతువులే అప్పటికి పుట్టలేదు.

ధ్రువ తీరాలతో పోలిక

కడప తీరంలో వెలుతురును లోతు, బురద శాసిస్తే, ధ్రువ తీరాల్లో సముద్రపు మంచు శాసిస్తుంది. అక్కడి ప్రధాన జీవులు అడుగున అల్లుకునేవి కావు, నీటిలో తేలే వృక్షప్లవకాలు. వాటిలో ముఖ్యమైన డయాటములు కడప సముద్రానికి వంద కోట్ల ఏళ్లకు పైగా తర్వాత పుట్టినవి. చలికాలంలో మంచు, దానిమీద కురిసిన హిమం కలిసి వెలుతురును ఆపేస్తాయి. అయినా మంచు అడుగున, అందులోని ఉప్పునీటి సందుల్లో కొన్ని డయాటములు కాచుకుని ఉంటాయి; మంచు అడుగు గోధుమరంగు తేలేది వాటివల్లనే.

వసంతంలో మంచు కరిగితే తేలికైన మంచినీరు పైన నిలుస్తుంది. ప్లవకాలు వెలుతురు దాటి కిందికి జారవు, డయాటములు విజృంభిస్తాయి. అంటార్కిటికాలో గాలికి నీరు లోతుగా కలగాపులగమయ్యే రాస్ సముద్రపు భాగాల్లో తక్కువ వెలుతురుకు తట్టుకునే ఫియోసిస్టిస్ అనే మరో ప్లవకం పైచేయి సాధిస్తుంది. అంటార్కిటిక్ ద్వీపకల్పం పడమటి తీరంలో హిమానీనదాలు కరిగి నీరు మరీ చప్పబడినచోట క్రిప్టోఫైట్లనే చిన్న ప్లవకాలు పెరుగుతాయి. ఇవి క్రిల్ రొయ్యలు వడగట్టుకోలేనంత సన్నం. కాబట్టి మంచు తీరు మారితే తిమింగలం, పెంగ్విన్ తిండి కూడా మారుతుంది.

రెండు కథలూ కలిసే చోటు ఒకటుంది. అంటార్కిటికాలో భారత స్థావరం మైత్రి ఉన్న క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనే అంటర్సీ అనే సరస్సు ఏడాది పొడవునా మంచు కింద ఉంటుంది. దాని అడుగున శంఖాకారపు స్ట్రోమటోలైట్లు పెరుగుతున్నట్టు 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మంచును దాటి వచ్చే కాస్త వెలుతురే వాటికి ఆధారం. వేంపల్లె రాళ్లకు బంధువులను వెతకాలంటే ఉష్ణతీరమొక్కటే చూస్తే చాలదు.

ఆర్థిక ప్రాముఖ్యం

వేంపల్లె సున్నపు పొరల్లోకి తర్వాత శిలాద్రవం చొరబడింది. పులివెందుల దగ్గర అలా చొరబడిన శిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. కాబట్టి వేంపల్లె రాళ్లు అంతకన్నా పాతవి. ఆ వేడికి డోలమైటు మారిన చోట పులివెందుల ఆస్బెస్టాస్ ఏర్పడింది. ఈ వరుసలోనే ఫాస్ఫేటు కలిసిన డోలమైటు పొరలో యురేనియం ఉంది. తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తవ్వుతున్నది దాన్నే.