కాంప్లెక్స్ నుంచి కార్ షెడ్ దాకా

ద్వారకా నగర్‌లో ఆటస్థలం అనదగ్గది లేదు. లైన్లున్నాయి, కోచింగ్ సెంటర్లున్నాయి, పౌర గ్రంథాలయం ఉంది, పక్కనే ఆర్టీసీ కాంప్లెక్స్ ఉంది. అయినా విశాఖ క్రికెట్ చరిత్ర చెప్పుకునే హక్కు మాకు కొంత ఉందనే అనుకుంటాను. శ్రీకాకుళం నుంచైనా అనకాపల్లి నుంచైనా మ్యాచ్ చూడ్డానికి బస్సులో వచ్చినవాళ్లు దిగేది మా ముంగిట్లోనే కదా!

ఈ కథ ఎవరు మొదలెట్టినా విజ్జీతో మొదలెడతారు. విజయనగరం మహారాజకుమార్ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్. లాలా అమర్‌నాథ్‌ని టూరు మధ్యలోనే ఇంటికి పంపించేసిన ఘనత కూడా ఆ టూరుదే. అంతకుముందు 1930-31లో హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇండియాకి రప్పించి తన జట్టులో ఆడించారు. అయితే ఆ వైభవమంతా కాశీ కేంద్రంగా నడిచింది. 1960ల్లో విశాఖ నుంచి లోక్‌సభకి వెళ్లారు గానీ, విశాఖ కుర్రాళ్లకి ఆయన వల్ల ఆట దక్కిందంటే నేను ఒప్పుకోను. 1883లో పెట్టిన వాల్తేరు క్లబ్బు సంగతీ అంతే, అది దొరల క్లబ్బు. మనదంటూ ఒక జట్టు 1953లో ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్‌తో వచ్చింది. మొదటి రంజీ సీజన్‌లో దాన్ని నడిపించినవాడు నాగపూర్ తెలుగువాడు సి.కె. నాయుడు, 58 ఏళ్ల వయసులో!

ఊరికి క్రికెట్ పండగలా వచ్చింది మాత్రం మున్సిపల్ స్టేడియంతోనే. కాగితాల మీద దాని పేరు ఇందిరా ప్రియదర్శిని స్టేడియం. 1988 డిసెంబర్ 10న అక్కడ న్యూజిలాండ్‌తో మొదటి వన్డే జరిగింది. చూడ్డానికి వెళ్లింది శ్రీకాంత్ బ్యాటింగ్‌ని, దొరికింది అతని బౌలింగ్: 27 పరుగులకి 5 వికెట్లు. ఆ తర్వాత బ్యాటు పట్టుకుని 70 కొట్టాడు. 1994లో సిద్ధూ 114 నాటౌట్‌గా నిలిస్తే, వెస్టిండీస్ మీద నాలుగే పరుగులతో గట్టెక్కాం.

1996 ప్రపంచ కప్పులో మనకి పడింది ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్. పెద్దగా పట్టించుకునే జోడీ కాదు. కానీ కొలంబోలో బాంబు పేలాక అక్కడ ఆడబోమని ఆస్ట్రేలియా శ్రీలంకకి పాయింట్లు వదిలేసుకుంది. దాంతో ఆ కప్పులో వాళ్లు బరిలోకి దిగిన మొదటి మైదానం మనదే అయింది. ఫిబ్రవరి 23న మార్క్ వా 130, స్టీవ్ వా 82 చేశారు. అన్నదమ్ములిద్దరూ కలిసి 207 పరుగులు జోడించారు. కెన్యా ఓడింది గానీ ఒటీనో 85 కొట్టాడు. 1999లో పాకిస్తాన్, శ్రీలంక ఆడి వెళ్లాయి. 2001 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియా మళ్లీ వచ్చింది. హేడెన్, పాంటింగ్ చెరో సెంచరీ కొట్టి స్కోరుని 338కి తీసుకెళ్లారు. ఆ స్టేడియంలో అదే చివరి వన్డే.

ఆ తర్వాత ఆట హైవే ఎక్కింది. పీఎం పాలెంలో కార్ షెడ్ దగ్గర కట్టిన కొత్త స్టేడియంలో 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టాడు. మూడో నంబర్లో దిగిన ఆ జులపాల కుర్రాడు ఎవరో ఆ పూట దేశమంతా తెలుసుకుంది. 2016లో టెస్టు కూడా వచ్చింది. స్టేడియం చక్కగా ఉంటుంది, కాదనను. కానీ పాత మున్సిపల్ స్టేడియం ఊరి మధ్య ఉండేది, ఇది మాకు పది కిలోమీటర్ల పైమాటే. టిక్కెట్టుతో పాటు ప్రయాణం కూడా చూసుకోవాల్సి వస్తుంది.

మరి ఆటగాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? వేణుగోపాలరావు 2005లో భారత జట్టుకి ఎంపికై 16 వన్డేలు ఆడాడు. కె.ఎస్. భరత్ 2015లో గోవా మీద 308 కొట్టాడు. రంజీల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అతనే. భరత్ తండ్రిది నేవల్ డాక్‌యార్డ్ ఉద్యోగం. నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగాన్నే వదులుకున్నారు. విశాఖ క్రికెట్‌ని పోషించింది రాజులూ క్లబ్బులూ కాదనీ, ఈ జీతాల కుటుంబాలేననీ నా అభిప్రాయం.

నితీశ్ 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు. 99 దగ్గర ఉండగా బుమ్రా అవుటైతే, హైదరాబాదీ సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. ఆ తర్వాత బోలాండ్ బంతిని ఫోర్ కొట్టి నితీశ్ వంద చేశాడు. చలికాలం వస్తే ఆ మైదానంలో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడతారు. క్రికెటర్లు చలికాలంలో ఒళ్లు పెంచేయకూడదన్న ఆలోచనతో మొదలై, 1859లో మెల్‌బోర్న్‌లో రూల్సు రాసుకున్న ఆట అది. అక్కడ చిన్న చిన్న పట్నాలకి కూడా ఊరి పేరు మోసే ఫుట్‌బాల్ క్లబ్బులుంటాయి. మనకలా ఊరంతా మాదనుకునే క్లబ్బు లేదు. పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంట్ అనే పేర్లే ఉన్నాయి.

ఆస్ట్రేలియాకి మాత్రం మన ఊరు బాగా కలిసొస్తోంది. 2025 అక్టోబర్ 12న మహిళల ప్రపంచ కప్పులో, మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు స్టాండ్లకి పెట్టిన రోజే, మనవాళ్లు 330 కొట్టారు. హీలీ 142తో దాన్నీ ఛేదించేసింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. ఆ రికార్డు మూడు వారాలైనా నిలవలేదు. అక్టోబర్ 30న నవీ ముంబై సెమీఫైనల్లో మనవాళ్లు అదే ఆస్ట్రేలియా మీద 339 లక్ష్యాన్ని ఛేదించి గెలిచారు.