హోటల్ పోయింది, బెంచీ చరిత్ర పోకూడదు



నూజివీడు లాంటి మామిడి ఊళ్లలో పాత కాఫీ హోటళ్లు చాలావరకు మూతపడ్డాయి. అక్కడ కాఫీ ఎంత బాగుండేదో పెద్దవాళ్లు చెప్తుంటారు. ఎవరు లోపల కూర్చుని తాగారు, ఎవరు బయట నిలబడి తాగారు అనేది కూడా చరిత్రే కదా!

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో చాలా ఊళ్లలో "బ్రాహ్మణ కాఫీ హోటల్" అనే బోర్డులు ఉండేవి. మన ప్రాంతం అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. చాలాచోట్ల దళితులకు వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. బుట్టలల్లి బతికే మన ఎరుకల వాళ్ల మీదైతే నేరస్థ తెగల చట్టం ముద్ర. దేశమంతటా అది పూర్తిగా పోయింది 1952లోనే.

హోటల్ గుమ్మం చిన్న విషయం అనుకోవద్దు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ దీని మీద చర్చించింది. 1950 జనవరి 26 నుంచి, కులం పేరు చెప్పి హోటల్లోకి రానివ్వకపోవడం 15(2) అధికరణం ప్రకారం కుదరదు. అంటరానితనం పేరుతో హోటల్ గ్లాసు ముట్టనివ్వకపోతే నేరమని 1955 చట్టం చెప్పింది. ఒక గ్లాసు కోసం పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది!

అందుకే పాత హోటల్ స్థలంలో ఎప్పుడైనా గుర్తుగా బోర్డు పెడితే, ఓనరు పేరు, కాఫీ రుచి మాత్రమే రాస్తే సరిపోదు. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు తాతలను, నాయనమ్మలను అడగండి: మీ ఊరి హోటల్లో మనవాళ్లు మొదటిసారి బెంచీ మీద ఎప్పుడు కూర్చున్నారు? ఎవరు కూర్చున్నారు? విన్నది విన్నట్టు రాసి పెట్టుకోండి. అడగడానికి ఆ తరం ఇంకెన్నాళ్లో ఉండదు.